ముగ్గురు మిత్రుల సోఫా సంగ్రామము

మే మాసమందలి మూడవ ఆదివారమున, మధ్యాహ్నభోజనము ముగిసి, గిన్నెల చప్పుడు సద్దుమణిగి, వీధిలోని శునకములు సైతము నిలిపియుంచిన వాహనముల క్రింద నీడ వెదకికొని కన్నుమూసిన వేళ, కిటికీతెరల సందునుండి చొరబడిన సూర్యకిరణమొకటి టీవీ తెరపై వ్రాలి దానిమీది ధూళికణములను నక్షత్రమండలమువలె వెలిగించుచుండగా, ఒకానొక రెండవ అంతస్తు ముందుగదిలో, నడుమ కుంగిన గోధుమరంగు సోఫాపై, ముగ్గురు మహావీరులు ఆసీనులై యుండిరి.

ఓ విద్యుచ్ఛక్తీ! తీగలందు అదృశ్యముగ ప్రవహించుదానా! ఎప్పుడు పోవుదువో ఎప్పుడు వత్తువో ఏ పండితుడును నిర్ణయింపజాలనిదానా! ఆ సాయంకాలము వరకును రెప్పపాటైన తొలగక ఆ ముగ్గురి పరాక్రమమును వెలిగించినదానవు నీవే. ఈ గాథ ముగియువరకును అట్లే నిలిచియుండుము.

వారిలో కుడివైపువాడు మహాశకటసారథి. సిటీబస్సు నడుపువాడు. కూడళ్ళయందు అడ్డము దూరు స్కూటర్లను, బస్సు ఆగకముందే దిగబోవు తొందరపాటువారిని, దిగవలసినచోట దిగక తరువాత గగ్గోలుపెట్టు పరధ్యానులను, పల్లెత్తు మాటయైన ననక వారమెల్ల భరించు సహనసముద్రుడు. ఆ సముద్రమంతయు ఆదివారమునకు మరిగి పొంగి, కత్తియో గదయో ఫిరంగియో ఏది చేజిక్కినను దానితో ఎవనినో యొకని చితుకగొట్టవలెనను మహాకాంక్షగ పరిణమించును. మిత్రులు వానిని స్టీరింగు అందురు.

ఎడమవైపున నున్నది దంతవైద్యశిఖామణి. డ్రిల్లుమోతల నడుమ, రోగుల ఆర్తనాదముల నడుమ, ఉమ్మితొట్టిలోని ఎరుపును చూచుచు కాలము గడుపు ఆ ధీరురాలికి సెలవుదినమున కావలసినది ఒక్కటే: పచ్చదనము, ప్రశాంతత, ఎవరి శరీరమునుండియు ఏదియు బయటికి రాకుండుట. ఆమె డాక్టరమ్మ.

ఇరువురి నడుమ, సోఫా కుంగిన పల్లమునందు, మోకాళ్ళు గడ్డమునకు తగులునట్లు ఒదిగి కూర్చున్నవాడు ఆ గృహస్వామి, అచ్చుతప్పుల పాలిటి కాలయముడు, ఇంటనుండియే పుస్తకముల ప్రూఫులు దిద్దువాడు. కంటబడిన అక్షరమును చదువక విడువడు. సబ్బుపెట్టె వెనుకనున్న వాక్యములను సైతము ఆసాంతము చదివి, పెదవి విరిచి, ఆ పిమ్మటనే స్నానము చేయువాడు. బడిలో చదువునాటినుండియు వానిపేరు కామా.

ప్రక్కగదిలో కామాకు అక్క, కుట్టుపనియందు ఆరితేరినది, తన మిషనును రణభేరివలె మ్రోగించుచుండెను. సాయంకాలము ఆరుగంటలకు ఆమె ముందుగది నేలపై గుడ్డ పరచి కత్తిరించుకొనవలెను. అదిగాక ఆ యింట మార్పులేని శాసనము మరియొకటి లేదు.

ఇట్లుండగా శకటసారథి గొంతు సవరించుకొని, పిడుగువంటి వార్తను మిత్రుల నెత్తిన వేసెను.

"వచ్చే వారం నుంచి నా ఆఫ్ మార్చేశారర్రా. ఇక ఆదివారం లేదు. బుధవారం."

"బుధవారమా!" అని డాక్టరమ్మ నిటారుగా లేచి కూర్చుండెను. "బుధవారం సాయంత్రం నా క్లినిక్కులో బెంచీలు చాలవు, తెలుసా?"

"తెలుసు. అందుకే అడుగుతున్నా. మానేద్దామా, మార్చుకుందామా?"

"మార్చుకోవచ్చు. కానీ ఒక్క మాట నిజం చెప్పు. పోయినసారి వచ్చి ఏం చేశాం? ఏ ఆట ఆడదామా అని చూశాం. అంతకుముందు? అదే. మనం ముగ్గురం కలిసి ఒక ఆట ఆడింది ఎప్పుడు రా? బొమ్మల్ని పైకీ కిందికీ జరుపుకోడానికి నేను క్లినిక్కు మూసుకుని రావాలా?"

శకటసారథి తల గోకికొనెను. 

"ఇవాళ ఆరులోపల ముగ్గురికీ నచ్చిన ఆట ఒక్కటంటే ఒక్కటి దొరికిందా, బుధవారం నేను రెడీ. దొరకలేదా, ఎవరి పెళ్ళిలోనో కలిసినప్పుడు బాగున్నావా అంటే బాగున్నావా అనుకుందాం."

రణభేరి హఠాత్తుగ ఆగెను. ప్రక్కగదినుండి అక్క గొంతు వినవచ్చెను.

"అలా అనకే అమ్మాయ్. వాడు వారం మొత్తమ్మీద నోరు విప్పేది మీ ఇద్దరితోనే. నాతో అయితే నా మాటల్లో తప్పులు పట్టడానికే."

"నువ్వు కుట్టుకో అక్కా!" అని కామా చెవులు కందునట్లు సిగ్గుపడెను. రణభేరి మరల మ్రోగెను.

ఆహా! రాజ్యములకై పోరిన రాజులెందరో కలరు. కాని తన యింటి సోఫాకు ఇరుప్రక్కల ఇరువురు మనుష్యులుండవలెనని మాత్రమే పోరిన వీరుని గాథను ఎవరు పాడిరి? ఒకే గదిలో, ఒకే తెరయెదుట, ముగ్గురును ఒకే పక్షమున నిలిచి ఆడదగిన ఆట యొక్కటి ఆరుగంటలలోపల లభింపవలెను. లభింపనిచో కామాకు ఇక మిగులునవి ప్రూఫులు మాత్రమే.

ప్రథమ సంగ్రామమునకు నాయకత్వము శకటసారథిదే. వాడు కోరినది రాక్షససంహారక్రీడ. ఘోరాంధకారబంధురమైన గుహాముఖమున మూడు పాత్రలు నిలిచెను. శకటసారథికి ముండ్లగద, కామాకు ధనుస్సు, డాక్టరమ్మకు లేపనపుగిన్నె ప్రాప్తించెను.

"డాక్టరమ్మా, నువ్వు వెనకాల నిలబడి నాకు మందు రాస్తూ ఉండు చాలు. ఆకుపచ్చ బటను. మిగతాది నేను చూసుకుంటా!" అని ఆ మహాబాహువు గద త్రిప్పుచు గుహలో దూకెను. అంతట కొండయే కదలివచ్చినట్లు, పొలుసుల మేనితో, నిప్పుకణికలవంటి కన్నులతో, ఒక మహాభూతము నోరు తెరచెను.

"ఆగరా, ఆగు!" అని డాక్టరమ్మ కేకవేసెను. "ఆ కింది దవడ చూడు!"

"చూసేదేంటే, అందులోనే ఉన్నాను!"

"రెండు వరసల కోరలు పెట్టారు. అలా ఉంటే నోరు మూతే పడదు. ఎలా నములుతుంది పాపం?"

"పాపమా? నన్ను నములుతోంది!"

"నమలడం లేదు, మింగుతోంది. నేను చెప్పేదీ అదేగా."

"మందు రాయవే తల్లీ!"

"ఒరేయ్ కామా, నువ్వు బాణం వెయ్యవేంరా?" అని డాక్టరమ్మ వెనుదిరిగి చూడగా, ఆ ధనుర్ధరుడు గుహాముఖమున నాటిన హెచ్చరికఫలకము నెదుట నిశ్చలుడై నిలిచియుండెను.

"వస్తున్నా. రెండో పేరా అయిపోవచ్చింది."

ఇంతలో తెరయంతయు ఎర్రనాయెను. డాక్టరమ్మ తన కంట్రోలరును ఒడిలో పెట్టుకొని చేతులు కట్టుకొనెను. "రక్తం వచ్చింది. నేనాడను. క్లినిక్కులో రోజూ చూసేది చాలు."

ఇట్లు ప్రథమ సంగ్రామము ముగిసెను. మహాభూతము మాత్రము అజీర్తిలేక సుఖముగ నుండెను.

ద్వితీయ సంగ్రామమునందు సేనాధిపత్యము డాక్టరమ్మది. ఆమె కోరినది ఉద్యానవనక్రీడ. గులాబిరంగు ఇల్లు, తెల్లని కంచె, కోళ్ళు, మడులు, మృదుమధురమైన వాద్యఘోష. ఆమె ముఖమున వెన్నెల కాసెను. మడులను తాళ్ళు పట్టి కొలిచినట్లు తీర్చి, శత్రుభయంకరుడైన శకటసారథి చేతికి నీళ్ళబిందె నిచ్చెను. ఆ వీరుడు మిత్రధర్మమును పాటించి, పటపట పండ్లు కొరుకుచు, ముల్లంగిమడికి నీరు పోసెను.

"ఎప్పుడు మొలుస్తాయి?"

"రెండు రోజులు. ఆటలో రోజులేలే."

"ఈలోపల ఏం చెయ్యను?"

"కంచెకి రంగు వెయ్యి."

"వేశాక?"

"ఆరనివ్వు."

ఆరనివ్వు! ఎంత చిన్న మాట! ఎంతటి ఘోరాస్త్రము! కూడలికూడలికి ఎర్రదీపము నెదుట కాళ్ళు బిగబట్టి నిరీక్షించి నిరీక్షించి వచ్చినవాని చెవిలో ఆ మాట కరిగిన సీసమువలె దిగెను. వాడొకసారి ఆకాశమువంక చూచెను. ఒకసారి మడిప్రక్కనున్న పారవంక చూచి దానిని చేతబట్టెను. తొలుత దిష్టిబొమ్మ కూలెను. పిదప కంచె కూలెను. పిదప, చెప్పుటకు నోరు రాదు, ముల్లంగిమడి.

"ఒరేయ్ దుర్మార్గుడా! అవి పసిపిల్లలురా!"

"పిల్లలేంటే, ముల్లంగులు!"

"నీ చేతికి బస్సెలా ఇచ్చారురా?"

"బస్సులో నన్ను ఎవరూ 'ఆరనివ్వు' అనరు!"

ఈ మహావిధ్వంసమునకు నడుమ, పల్లమునుండి, ప్రశాంతగంభీరమైన స్వరమొకటి లేచెను: "ముల్లంగి విత్తనములు. పొడిగానుండు చల్లనిచోట భద్రపరుపవలెను. తేమ తగిలినయెడల..."

"చదవకురా!" అని ఇరువురును ఒక్కపెట్టున గర్జించిరి. ముగ్గురిలో ఇరువురు ఏకాభిప్రాయమునకు వచ్చుట ఆ దినమున అదియే మొదటిసారి.

ఇక మూడవది కామా వంతు. వాడు ఎంచినది అపరాధపరిశోధన. వర్షము కురియు రాత్రి, హత్య జరుగబోవు బంగళా, అనుమానింపదగిన బంధువర్గము, తెరనిండ అక్షరములు. కామా కన్నులు మెరసెను. వంటవాడు నోరు విప్పెను. వాని మాటలను కామా విరామచిహ్నములతోసహ, విరామచిహ్నములకు తగిన విరామముతోసహ, పైకి చదువసాగెను. వంటవాడు మొదట తన బాల్యమును గూర్చి చెప్పెను. పిదప వంటగదికి కొనిన పెనములను గూర్చి చెప్పెను. సూర్యకిరణము టీవీమీదినుండి గోడమీదికి, గోడమీదినుండి క్యాలెండరుమీదికి తరలిపోయెను. శకటసారథి శిరస్సు వెనుకకు వాలెను. వాని నోరు మహాభూతపు నోటివలె తెరచుకొనెను. అందుండి డీజిలు ఇంజను మ్రోతవంటి గురక బయలువెడలెను.

డాక్టరమ్మ వంగి ఆ నోటిలోనికి తేరిపార చూచెను.

"ఒరేయ్ స్టీరింగూ, పడుకుంటే పడుకో గానీ నోరు మూసుకుని పడుకో. పైన రెండు పుచ్చాయి. సెలవురోజు నాకు పని చూపించకు."

వాడు దిగ్గున లేచెను. "ఆఁ? ఎవడు చంపాడు?"

"ఇంకా ఎవరూ చావలేదు. వంటవాడు ఉప్పు దగ్గరున్నాడు."

"నన్ను చంపేస్తున్నాడు కదే!"

గడియారము అయిదు దాటెను. డాక్టరమ్మ నిట్టూర్చి, సోఫాచేతిపైనున్న తన సంచిని అందుకొనెను. జిప్పు మూసిన ఆ చప్పుడు కామా గుండెను కత్తెరవలె కోసెను. వాడు పల్లమునుండి లేవబోయి, లేవలేక, కూర్చున్నచోటనే చేయి చాచి, పూర్వపండితులు సభలయందు పలికినట్లు పలుకసాగెను.

"మిత్రులారా! రుచిభేదము వైరమునకు హేతువు కారాదు. ఒకడు రౌద్రమును, ఒకతె శాంతమును, ఒకడు అక్షరమును కోరుటలో దోషమేమున్నది? ఈ మూటికిని సమానాధికరణమైన క్రీడావిశేషము ఈ జగత్తున ఎచ్చటనో..."

"ఒరేయ్," అని శకటసారథి అడ్డుపడెను, "తెలుగులో చెప్పరా."

కామా ఆగెను. 

"ఇంకొక్కటి చూద్దాం. ఒక్కటే. నాకు ఆదివారమైనా బుధవారమైనా ఒకటే. మీరు రాకపోతే మాత్రం... అన్ని రోజులూ ఒకటే అయిపోతాయి."

 ప్రక్కగదిలో కుట్టుమిషను ఎప్పుడు ఆగెనో ఎవరును గమనింపలేదు. డాక్టరమ్మ సంచిని నేలపై పెట్టెను.

"ఇలాంటివి ముందే చెప్పొచ్చుగా మరి? అంతసేపూ వంటవాడి చిన్నతనం చెప్పావు."

"సరే, ఏదో ఒకటి నొక్కండి," అని శకటసారథి కన్నులు మూసికొని బటను నొక్కెను. ఊరకే వచ్చిన ఆట యొకటి తెరచుకొనెను. దానిపేరు కోటముట్టడి. మూడు గుమ్మడికాయలకు కాళ్ళు మొలచినట్లున్న మూడు పొట్టిపాత్రలు ఒక సత్రపుగదిలో ప్రత్యక్షమయ్యెను. అది నిరీక్షణమందిరము. ముగ్గురును 'రెడీ' అను బటను నొక్కి, తమతమ తలలపైనున్న దీపములు మూడును వెలిగిననే కోట కనబడును, యుద్ధము మొదలగును.

శకటసారథి క్షణమైన ఆలసింపక నొక్కెను. వాని దీపము వెలిగెను. కామా, స్వధర్మమును తప్పక, గోడకంటించిన నియమావళివైపు నడచెను. డాక్టరమ్మకు ఆ గదిమూల ఒక పెట్టెనిండ టోపీలు కనబడెను.

"అయ్యో, ఈకల టోపీ! ఆగండాగండి, ఇది పెట్టుకుని నొక్కుతా."

"త్వరగా రండర్రా!" అని శకటసారథి తన గుమ్మడికాయతో కామా గుమ్మడికాయను ఒక్క త్రోపు త్రోసెను. నియమావళి చదువుచున్న ఆ పండితుడు దొర్లి దొర్లి, బల్లకు తగిలి, ఎగిరి, మూలనున్న నీళ్ళబాల్చీలో తలక్రిందుగ పడి, కాళ్ళు తన్నుకొనసాగెను.

 పిదప డాక్టరమ్మ నోటినుండి, క్లినిక్కులో ఎవరును ఎన్నడును వినని కిచకిచశబ్ద మొకటి పుట్టి, పెరిగి, కన్నీటితో కూడిన అట్టహాసమై గదిని ముంచెత్తెను.

"మళ్ళీ! మళ్ళీ తొయ్యరా! ఆగు, వాడికి టోపీ పెట్టనీ!"

"నన్నెందుకు తోస్తారు?" అని కామా బాల్చీనుండి వెలువడి, "అయినా చూశారా, ఆ బల్ల తగలగానే పైకి ఎగిరాను. ఇంకో బల్ల దానిమీద పెడితే..." అని పైకి చూచెను. మువ్వురును పైకి చూచిరి. సత్రపుకప్పునుండి, పండ్రెండు క్రొవ్వొత్తులతో, అందని ద్రాక్షగుత్తివలె, ఇత్తడి దీపగుచ్ఛ మొకటి వ్రేలాడుచుండెను.

 మాటలతో పనిలేకపోయెను.

ఇక వినుడు ఆ మహాసంరంభమును! ముల్లంగిమడులను తీర్చిన చేతితో డాక్టరమ్మ బల్లపై బల్లను, పీపాపై పీపాను, వెంట్రుకవాసియైన తేడా లేక పేర్చెను. పల్లమునందలి పండితుడు పడిన ప్రతిమారును ఎటు పడెనో, ఎందుకు పడెనో చదువరివలె పరిశీలించి, "కొంచెం ఎడమకి. ఈసారి తొందరపడకు. నేను బల్ల చివరికి వచ్చాక" అని శాస్త్రము చెప్పెను. ఇక శకటసారథి! ప్రయాణికులకు చూపిన సహనమంతటికిని ప్రతిఫలము పొందుచున్నవానివలె, వెనుకకు వెనుకకు నడచి, గోడకు వీపానించి, మదగజమువలె పరుగెత్తి, త్రోసెను. కామా బాల్చీలో పడెను. త్రోసెను. కామా పొయ్యిలో పడెను. త్రోసెను. కామా కిటికీకి అతుక్కొని మెల్లగ జారెను. పడినప్రతిసారియు ముగ్గురును పొట్టలు పట్టుకొనిరి, మరల బల్లలు లేచెను.

"డాక్టరమ్మా, పైబల్ల ఊగుతోంది!"

"నాకు చెప్పకు, నా వేలికింద ఏదీ ఊగదు. తొయ్యి!"

తుదకు, గోడపై సూర్యకిరణము ఆరిపోవుచున్న ఆ పుణ్యముహూర్తమున, శకటసారథి పరుగుదీసెను. బల్లలు కదలలేదు. గుమ్మడికాయ లేచెను. ఈకల టోపీ గాలిలో రెపరెపలాడుచుండగా, ఉల్కవలె, తారాజువ్వవలె, పైపైకి లేచి, కామా దీపగుచ్ఛముపై కూర్చుండెను!

"ఎక్కాడే! ఎక్కాడు!" అని శకటసారథి సోఫాపై గెంతెను. కామా రెండు చేతులు పైకెత్తెను. ఆ ఆనందమున వాని కంట్రోలరు జారి, పల్లమున పడి, వాని తొడక్రింద నలిగెను. రెండవ దీపము వెలిగెను! అదే క్షణమున డాక్టరమ్మ చప్పట్లు కొట్టబోయి తన చేతనున్నదానిని నొక్కెను. మూడవ దీపమును వెలిగెను! తెరపై అంకెలు ప్రత్యక్షమయ్యెను. అయిదు.

"ఆట మొదలైపోతోంది!" అని కామా ఆక్రోశించెను. "ఈ గది పోతుంది! మళ్ళీ నొక్కి ఆపాలంటే నా కంట్రోలరే కావాలని రాసుంది!"

నాలుగు. శకటసారథి కుడికాలితో నేలను బలముగ త్రొక్కెను. ఎన్ని సంవత్సరముల అభ్యాసమో! కాని ఆ నేలకు బ్రేకు లేదు.

మూడు. "లేవరా!" "లేవలేకపోతున్నా, కూరుకుపోయాను!"

"ఎవరూ కదలకండి!" అని డాక్టరమ్మ పలికిన స్వరమునకు ఇరువురును అప్రయత్నముగ నోళ్ళు తెరచిరి. రెండు. ఆమె మోచేయి మడచి, సోఫాదిండ్ల చీకటిలోనికి రెండు వ్రేళ్ళు చొప్పించి, తడిమి, పట్టి, అటొకసారి ఇటొకసారి ఊపి, మొండికెత్తిన జ్ఞానదంతమును పెకలించినట్లు ఒక్క గుంజు గుంజెను. కంట్రోలరు వెలికివచ్చెను. బటను నొక్కెను.

ఒకటి, అని చూపి, అంకె మాయమయ్యెను. కామా దీపము ఆరిపోయెను. ఈకల టోపీతో, క్రొవ్వొత్తుల నడుమ, వాడింకను అచ్చటనే ఊగుచుండెను.

"నొప్పి పుట్టిందా?" అని డాక్టరమ్మ అలవాటుచొప్పున అడిగెను.

అంతట గుడ్డచుట్టను చంకనిడి, కత్తెర చేతబూని, అక్క గుమ్మమున నిలిచెను.

"ఆరైంది, లేవండి. ఆ నవ్వులేంటి, కింద ఇంటివాళ్ళు పైకి చూస్తున్నారు. ఇంతకీ ఏం ఆట ఆడారు?"

"ఇంకా మొదలుపెట్టలేదక్కా," అని ముగ్గురును ముక్తకంఠమున, జయఘోషవలె పలికిరి.

"మధ్యాహ్నం నుంచా?"

"ఎప్పటికీ పెట్టం," అనెను డాక్టరమ్మ, కన్నులు తుడుచుకొనుచు. "బుధవారం ఎన్నింటికి రావాలి? క్లినిక్కు నాలుగింటికి మూసేస్తా."

 కామా ముఖము ప్రక్కకు త్రిప్పికొని, "కాగితం కావాలి," అని మాత్రము అనెను. అక్క కొలతలు గీయు గోధుమరంగు కాగితమునుండి చేరెడు ముక్క కత్తిరించి యిచ్చెను. దానిపై కామా ఇట్లు లిఖించెను:

"ప్రతి బుధవారము సాయంకాలము ఈ సోఫాపై ముగ్గురము కూడవలెను. కోటముట్టడి క్రీడయందలి నిరీక్షణమందిరమున విహరింపవలెను. ముగ్గురును ఏకకాలమున రెడీ నొక్కుట ఘోరాపరాధము. ఆ కోట ముట్టడింపబడకుండును గాక."

"నిన్ను తోసే హక్కు నాదని రాయి," అనెను శకటసారథి.

"టోపీ నేను పెట్టాకే తొయ్యాలని రాయి."

"ఆరింటికి నేల నాదని రాయి," అనెను అక్క.

అన్నియు వ్రాయబడెను. కామా ఒకమారు ఆసాంతము చదివి, ఒక బిందువును సరిచేసి, మరల చదివెను.

"ఒరేయ్, సంతకం పెట్టరా బాబూ. నన్ను నిలబెట్టేశావు."

వినుడు! ఏ కోటయు కూలకయే, ఏ శత్రువు చావకయే, ఏ ఆటయు మొదలుకాకయే, మే మాసమందలి మూడవ ఆదివారమున, ఆరుగంటల వేళ, ముగ్గురు మిత్రులు ఒక బుధవారమును గెలిచిరి. శకటసారథి ఒక్క గీతతో, డాక్టరమ్మ ఎవరికిని అర్థముకాని మెలికలతో, కామా పూర్తిపేరుతో, అక్క సాక్షిగ సుద్దముక్కతో సంతకములు చేసిరి. కామా ఆ కాగితమును అంచులు కలియునట్లు నాలుగు మడతలు పెట్టి, కుట్టుమిషను సొరుగులో, దారపుఉండల క్రింద, భద్రముగ దాచెను.